గుమ్మం ఎక్కకుండానే గుండు సున్నా

మా గోదావరి జిల్లాల్లో సర్కారు ప్రాథమిక పాఠశాల మీద సాధికారంగా మాట్లాడాలంటే ఉండాల్సిన మొట్టమొదటి అర్హత, ఆ బడి గుమ్మం ఏనాడూ ఎక్కకపోవడం. ఎక్కినవాడి మాట చెల్లదు. వాడికి వివరాలు తెలిసిపోతాయి కాబట్టి "కొంత బాగుందండి, కొంత బాగోలేదండి" అని నసుగుతాడు. ఎక్కనివాడికి ఆ బెడద లేదు. పళ్లు తోముకుంటూ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "ఏముందండీ అక్కడ!"

మా చిన్నదాన్ని ఒకటో తరగతిలో వేయాల్సిన ఏడు వచ్చింది. ఇంటికి కూతవేటు దూరంలో ప్రాథమిక పాఠశాల ఉంది. పిల్లలు రోజురోజుకీ తగ్గిపోతున్నారని, మూతపడుతుందని ఊరంతా చెప్పుకునే బడి. "ఓసారి వెళ్లి చూసొస్తాను" అని ఇంట్లో అన్నాను. అంతే, రాజమండ్రిలో మేనత్త నుంచి భీమవరంలో తోడల్లుడి దాకా ఫోన్లు మొదలయ్యాయి. "ఏరా, వ్యాపారం దెబ్బతిందా?" అని మేనత్త. "అప్పులేవైనా ఉంటే చెప్పండి అన్నయ్యా, మొహమాటపడకండి" అని తోడల్లుడు. మా మావగారైతే మరీ నొచ్చుకున్నారు: "అల్లుడు గారూ, ఫీజు మేం కడతాం లెండి. నలుగురిలో తిరిగేవాళ్లం, పరువు తీయకండి." పిల్లకి చదువు వస్తుందా రాదా అన్న ప్రశ్న మాత్రం ఏ ఫోన్లోనూ రాలేదు.

"మావగారూ, మీరెప్పుడైనా ఆ బడి లోపలికి వెళ్లారా?" అని అడిగాను.

"మేమెందుకు వెళ్తామండీ? మనలాంటోళ్లు వెళ్లే చోటా అది? అంతా పేట పిల్లలేగా!"

అసలు ప్రశ్నపత్రం అప్పుడు నా చేతికి వచ్చింది. ఇక్కడ మార్కులు పాఠానికి కాదు, పక్కన కూర్చునే పిల్లాడికి. వాడి నాన్న కూలీ, వాడి అమ్మ పాచిపని, వాడి ఇల్లు పేటలో. అందుకని బడి ఫెయిలు. ఈ మాట నోటితో అనడానికి సిగ్గు కాబట్టి "స్టాండర్డ్ లేదండీ" అంటాం. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టిన కందుకూరి వీరేశలింగం పంతులు గారు ఇవాళ వచ్చి వింటే ఇంకో ప్రహసనం రాసుకునేవారు. పాత్రలకు పేర్లు మార్చే శ్రమ కూడా ఉండేది కాదు.

ఇదే మనుషులు సంక్రాంతికి పుంజును కొనేటప్పుడు చూడాలి. డేగా, కాకా, నెమలా, సేతువా అని రంగు చూస్తారు. రెక్క విప్పి చూస్తారు, కాలు పట్టి చూస్తారు. ఏ రోజు ఏ దిక్కు నుంచి దింపితే ఏ రంగు గెలుస్తుందో కుక్కుట శాస్త్రం తీసి లెక్క కడతారు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే కత్తి కట్టకుండా ఇంకో పుంజు మీదికి వదిలి చూసుకుని గానీ డబ్బు తీయరు. కొన్నాక బాదం పప్పు, గుడ్డు తెల్లసొన, చెరువులో ఈత. ఒక్క పూట పందేనికి ఇంత పరీక్ష. కన్నకొడుకు పదేళ్ల చదువుకి మాత్రం చూసేది ఒక్కటే, వీధి మలుపులోకి వచ్చే పసుపు రంగు వ్యాను.

వ్యాను తరవాత టై. ఉక్కపోతలో కొబ్బరాకు కూడా కదలని మధ్యాహ్నం, ఐదేళ్ల పిల్లాడి మెడకు టై బిగిస్తే గానీ అక్షరం లోపలికి దిగదని మా నమ్మకం. దాని తరవాత పేరు. స్కూలంటే చాలదు, ముందో వెనకో టెక్నో, ఒలింపియాడ్, ఇంటర్నేషనల్ లాంటి తోక ఉండాలి. ఒక పక్క రొయ్యల చెరువు, ఇంకో పక్క అరటి తోట, మధ్యలో 'ఇంటర్నేషనల్'. ఆ బడికి తగిలే పరాయి దేశం ఏదైనా ఉందంటే, రొయ్యలు ఎగుమతయ్యే దేశమే. ఆఖరుది ఫ్లెక్సీ. పదో తరగతిలో 600కి 590 పైన వచ్చిన పిల్లల ఫొటోలు పాస్‌పోర్టు సైజు నుంచి గోడ సైజు దాకా పెరిగి ఉంటాయి. ఆ ఫొటోలోని పిల్ల ఒకటో తరగతి ఎక్కడ చదివింది, చదవడం ఎవరు నేర్పారు అని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఏప్రిల్ రాగానే అడ్మిషన్ల కోసం ఇంటింటికీ మనుషులు వస్తారు. మా ఇంటికి ఒకమ్మాయి వచ్చింది. ఎండకి ముఖం కందిపోయింది, చేతిలో కరపత్రాలు, ఒక నోటు పుస్తకంలో ఇళ్ల జాబితా. బీఈడీ చదివిందట. మా ఆవిడ మజ్జిగ ఇచ్చి "జీతం ఎంతమ్మా?" అంటే నవ్వి ఊరుకుంది. కాసేపయ్యాక తనే చెప్పింది. ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే వేసవి జీతం ఇస్తారట. పిల్లకి పాఠం చెప్పాల్సిన మనిషి పిల్లని పట్టుకురావడానికి వీధులు తిరుగుతోంది. ఆ బడిలో ఆమె పాఠం ఎలా చెబుతుందో ఎవరికీ అక్కర్లేదు, ఎన్ని తలకాయలు తెచ్చిందన్నదే లెక్క.

ఆమె కోసమైనా ఆ బడి చూద్దామని వెళ్లాను. ఏసీ గది, గాజు బల్ల, దాని మీద ప్లాస్టిక్ గులాబీలు. కరస్పాండెంట్ గారు చాలా మర్యాదస్తులు, కాఫీ ఇప్పించారు.

"ఒకటో తరగతికి పాఠం చెప్పే టీచరుని ఓసారి చూడొచ్చాండీ?"

"మా దగ్గర ప్రతి క్లాసులో డిజిటల్ బోర్డు ఉందండి."

"అది కాదండీ, టీచరు..."

"సీసీ కెమెరాలు కూడా ఉన్నాయండి."

"పోనీ క్లాసు జరిగేటప్పుడు పది నిమిషాలు వెనక కూర్చోవచ్చా?"

"పేరెంట్స్‌ని లోపలికి అలౌ చేయం సార్. సెక్యూరిటీ."

ఫీజుని మాత్రం అలౌ చేస్తారు. అది ఏ తనిఖీ లేకుండా నేరుగా లోపలికి పోతుంది. సర్కారు బడిలోకి తల్లిదండ్రులు పోరు, ఈ బడిలోకి పోనివ్వరు. రెండు చోట్లా లోపల ఏం జరుగుతోందో తెలియదు. తెలియనిదానికి ఒకచోట సున్నా, ఇంకోచోట వందకి వంద.

మా బంధువుల్లో ఒక బుడ్డోడు యూకేజీ. ఇంగ్లిషు పుస్తకం గడగడ చదివేస్తాడని వాళ్లమ్మకి గొప్ప మురిపెం. చదివించింది. నిజంగానే గడగడ. వాడు ఊపిరి తీసుకునే లోపు నేను పేజీ తిప్పేశాను. వాడు ఆగలేదు, పాత పేజీయే చదువుతూ పోయాడు. పుస్తకం తలకిందులు చేశాను, అప్పుడూ ఆగలేదు. వాళ్లమ్మ ముఖం చూసి పుస్తకం మూసేశాను. మూసినా ఆగలేదు. ఆ బడికి ఏడాది ఫీజు కట్టాక సాయంత్రం ట్యూషన్‌కి వేరే కడుతున్నారు. నేర్పే పని ట్యూషను అక్కది, పేరు బడిది.

ఇది తల్లిదండ్రుల లెక్క. సర్కారు వారి లెక్క ఇంకో రకం. వారు బడిని బయటి నుంచి కాదు, పైనుంచి చూస్తారు. పైనుంచి చూస్తే పేర్లు మాత్రమే కనిపిస్తాయి. అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. జగనన్న విద్యా కానుక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. జగనన్న గోరుముద్ద స్థానంలో మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా వండి వడ్డించిన ఆ మహాతల్లి పేరు పెట్టినందుకు కోనసీమవాడిగా సంతోషమే. ఆవిడ వచ్చినవాడి కులం, ఊరు అడగలేదంటారు. ఆవిడ పేరు మీద వండిన అన్నం తినే బడికి మనం పిల్లల్ని పంపకపోవడానికి కారణం మాత్రం సరిగ్గా అదే. సంచి మీద బొమ్మ మారినప్పుడల్లా విద్యావ్యవస్థ మారిపోయిందని ఒక పార్టీ, నాశనమైందని ఇంకో పార్టీ. సంచిలోని పుస్తకాన్ని పిల్లాడు చదవగలడా అన్నది మాత్రం ఏ పార్టీ ప్రణాళికలోనూ లేదు.

డబ్బు సంగతి ఇంకా బాగుంటుంది. తల్లికి వందనం కింద బిడ్డకి 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. బిడ్డ ఏ బడిలో ఉన్నా సరే, ప్రైవేటు బడైనా సరే. అంతకుముందు అమ్మ ఒడి అయినా ఇంతే. అంటే తన బడిని వదిలేసి పోవడానికి సర్కారు తనే దారి ఖర్చులు ఇస్తోంది. ఆ సొమ్ము జూన్‌లో తల్లి ఖాతాలో ఒక రాత్రి నిద్ర చేసి, తెల్లారేసరికి ఫీజు కౌంటర్లో తేలుతుంది. తరవాత "మన బడుల్లో పిల్లలు ఎందుకు తగ్గుతున్నారు?" అని అదే సర్కారు సమీక్షా సమావేశం పెడుతుంది. బిస్కెట్లు, టీ కూడా ఉంటాయి.

తగ్గిన పిల్లల్ని చూసి జీవోలు పుడతాయి. 2022 జూన్‌లో 117 నంబరు జీవో వచ్చి 3, 4, 5 తరగతుల పిల్లల్ని దగ్గర్లోని హైస్కూళ్లకు తోలింది. వీధి బడికి ఒకటి, రెండు తరగతులు మిగిలాయి, చాలాచోట్ల వాటికి ఒకే టీచరు. ప్రభుత్వం మారింది, 2025లో ఆ జీవో రద్దయింది. అప్పుడు ఆరు రకాల బళ్లు, ఇప్పుడు తొమ్మిది రకాలు. బేసిక్, మోడల్, ఫౌండేషన్ అంటూ పేర్లు. ఇడ్లీలో కూడా మాకు ఇన్ని రకాలు తెలియవండీ. తరగతికో టీచరు ఉండే ఆదర్శ పాఠశాల వస్తుందంటున్నారు, అది మంచి మాటే. కాని ఆ ఆదర్శం ఏ వీధికి వస్తుందో, దాని కోసం ఏ వీధి బడి చిక్కిపోతుందో తెలిసేది పిల్లల సంఖ్య లెక్కపెట్టాకే.

ఆ లెక్క కూడా వినండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. మా వీధి బడిలో ముప్పై పైచిలుకు పిల్లలు, ఇద్దరు టీచర్లు. చట్టం తృప్తిగా తల ఊపింది. తరగతులు మాత్రం ఐదు. చట్టానికి తలలు లెక్కపెట్టడం వచ్చు, తరగతులు లెక్కపెట్టడం రాదు. పిల్లలు లేరు కాబట్టి టీచర్లు లేరు, టీచర్లు లేరు కాబట్టి పిల్లలు లేరు. ఎవరినడిగినా తప్పు అవతలివాడిదే అంటారు.

సరే, గుమ్మం ఎక్కాను. పండగలు, మంత్రిగారి రాకలు, మెగా పేరెంట్ మీటింగులు లేని ఒక మామూలు మంగళవారం పొద్దున్నే వెళ్లాను. నాడు-నేడు పథకం నాటి రంగులు గోడల మీద ఇంకా మెరుస్తున్నాయి. నేల మీద టైల్స్, కొత్త బల్లలు, ఫ్యాన్లు. నా కాలంలో మేం గోనెపట్టా తెచ్చుకుని కూర్చున్న గది కాదిది. నీళ్ల ఫిల్టరు ఉంది, నీళ్లే లేవు. పాత మోటారు కాలిపోయిందట, కొత్తదానికి అర్జీ పెట్టారట. మరుగుదొడ్డి శుభ్రంగానే ఉంది. పక్క కొళాయి నుంచి ఆయా బకెట్లతో నీళ్లు మోస్తోంది.

ఇద్దరు టీచర్లలో ఒకరు శిక్షణకు వెళ్లారు. మిగిలింది హెచ్చెమ్ గారొక్కరే. ఆయన చేతిలో సుద్దముక్క ఉండాల్సిన చోట ఫోను ఉంది. ముందు ఆయన ముఖం చూపించి హాజరు. ఆపైన పిల్లల హాజరు. తరవాత భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని. ఫోను తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, వివరాలు ఎక్కడం లేదు. ఆయన ఫోనుని కిటికీ బయటికి చాపి సిగ్నల్ పడుతున్నారు. ఈలోగా మూడో తరగతి పిల్ల ఒకటో తరగతివాళ్లతో గుణింతాలు చెప్పిస్తోంది, టీచరమ్మలాగే ఒక బెత్తం కూడా పట్టుకుని.

"మాస్టారూ, మరి పాఠం ఎప్పుడండీ?"

"నెట్ పోయినప్పుడండి" అన్నారాయన, నవ్వకుండా.

నెట్ పోయింది. దేవుడున్నాడు. అప్పుడు ఆయన చెప్పిన తెలుగు పాఠం నేను వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. ఎవరూ సెక్యూరిటీ అనలేదు. నిజం చెప్పాలంటే బాగా చెప్పారు. ఐదో తరగతి అమ్మాయి ఒకతె, నేను తీసుకెళ్లిన, తనెప్పుడూ చూడని పిల్లల పత్రికలోంచి ఒక పేజీ తడుముకోకుండా చదివి, కథలో నక్క ఎందుకు అబద్ధమాడిందో తన మాటల్లో చెప్పింది. ఆమె పక్కనున్న అబ్బాయికి 52లోంచి 27 తీసేయమని ఇచ్చాను. వాడు వేలు మడిచి, పలక మీద 35 అని రాశాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశాడు. న్యాయంగానే ఉంది కదా!

"వీడు మూడో తరగతిలో ఉండగా హైస్కూలుకి పంపేశారండి. నాలుగూ అక్కడే. ఐదుకి మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఎవరు నేర్పాలో తేలేలోగా ఏళ్లు గడిచిపోయాయి" అన్నారు మాస్టారు. అప్పు తెచ్చుకోవడంలో మన ప్రభుత్వాలకున్న నేర్పులో కాస్త ఈ పిల్లాడికి అబ్బి ఉంటే ఎంత బాగుండేది!

అలాగని మాస్టారి ఒంటికి మచ్చ లేదనడం లేదు. మూల బీరువాలో రంగురంగుల కథల పుస్తకాలు, బీరువాకి తాళం. "పిల్లలు చింపేస్తారండి." చింపేంతగా చదివితే అది బడికి బంగారు పతకం కాదాండీ? గోడ మీద స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యుల పేర్లు పెయింటుతో రాసున్నాయి. చట్టం ప్రకారం కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు. ఒక సభ్యురాలు గేటు దగ్గరే కనిపిస్తే మొన్నటి సమావేశంలో ఏం మాట్లాడారమ్మా అని అడిగాను. "పుస్తకంలో సంతకం పెట్టమన్నారండి, పెట్టేను. కూలికి వెళ్లాలి, తొందరలో ఉన్నాను" అంది. ఇక మాస్టారి సొంత పిల్లలు ఏ బడి అని అడిగాను. ఆయన ఫోను వైపు చూసుకున్నారు. సిగ్నల్ అప్పుడే వచ్చింది. ప్రభుత్వోద్యోగులు తమ పిల్లల్ని సర్కారు ప్రాథమిక బడికే పంపాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ సర్కారుకి చెప్పింది. ఆ తీర్పు ఇప్పుడు ఎక్కడుందో ఆ గోదావరి తల్లికే ఎరుక.

తూకం సరిగ్గా ఉండాలి కదా అని, వ్యాను ఎక్కే ఐదో తరగతి పిల్లాడికి కూడా అదే లెక్క ఇచ్చాను. టకటకా 25 అని రాసేశాడు. శభాష్. "బుట్టలో 52 మామిడికాయలున్నాయి, 27 అమ్మేశాం, ఎన్ని మిగిలాయి?" అని మాటల్లో అడిగాను. వాడు నా ముఖం చూసి అన్నాడు: "అంకుల్, ప్లస్సా మైనస్సా?" ఒకడికి లెక్క అర్థమైంది, చేయడం రాదు. ఇంకొకడికి చేయడం వచ్చు, లెక్కే అర్థం కాలేదు. రెండో దానికి మనం ఏటా వేలు పోస్తున్నాం.

ఇది నా చాదస్తం అనుకుంటే పెద్దలు చేసిన పరీక్ష ఒకటుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక పని చేశారు. సర్కారు బడి పిల్లల పేర్లతో లాటరీ తీసి, గెలిచినవాళ్లకి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్లయ్యాక గెలిచినవాళ్లనీ ఓడినవాళ్లనీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నది హిందీలో, ఎందుకంటే అక్కడ దానికి ఎక్కువ పీరియడ్లు ఇచ్చారు. ఇది చూసి సర్కారు మాస్టార్లు మీసం మెలేయనక్కర్లేదు. ప్రైవేటు బడి అదే తెలుగుని, అదే లెక్కల్ని సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా తెప్పించింది. ఆ మిగులు ఎవరి జీతంలోంచి వచ్చిందో ఏప్రిల్ ఎండలో మా ఇంటికొచ్చిన అమ్మాయిని అడిగితే చెబుతుంది.

దేశం మొత్తం మీద పల్లెల్లో పిల్లలు ఏమేరకు చదవగలరో చూసే అసర్ సర్వే 2024లో చెప్పింది కూడా ఇదే దారిలో ఉంది. ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవాళ్లు నూటికి 48.8. ప్రైవేటు బడుల్లో కాస్త నయం, అయినా అరవై దాటలేదు. అంటే టై కట్టుకున్న పిల్లల్లో కూడా నూటికి నలభై మంది రెండో తరగతి పుస్తకం ముందు నీళ్లు నములుతున్నారు. వాళ్లందరి ఇళ్ల ముందూ వ్యాను ఆగుతూనే ఉంది.

మా డెల్టా మొదటి నుంచీ ఇంతేనా అంటే, కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలొచ్చాయి, పంటలొచ్చాయి. ఆ దశాబ్దంలోనే సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురంలోనూ ఆ చుట్టుపక్కలా బళ్లు పెట్టించాడు. అది చూసి పల్లెటూళ్ల రైతులు మా ఊరికీ బడి కావాలన్నారు. ఖర్చెవరు పెడతారంటే, మా శిస్తు మీద ఇంత అని అదనంగా వేసుకోండి అన్నారు. పన్ను తగ్గించమని తప్ప పెంచమని దొరలను అడిగిన రైతులు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. చదువురాని రైతులు వాళ్లు. టేలర్ పేరుతో నరసాపురంలో హైస్కూలు ఇప్పటికీ ఉంది. వాళ్ల మునిమనవలం మనం. తలకో డిగ్రీ ఉంది. ఊరి బడి మోటారు కాలిపోతే తలా వంద వేసుకోం గాని, నాయకుడి పుట్టినరోజుకి వీధి పొడవునా ఫ్లెక్సీ కడతాం. బడి గోడకే కడతాం, ఎందుకంటే ఆ గోడే పొడుగు.

ఇంతకీ మా చిన్నది ఎక్కడ చేరింది అని అడుగుతారు. వీధి బడిలోనే వేశాం. త్యాగం కాదు, ఉద్యమం అంతకన్నా కాదు. పక్కనున్న పేట పిల్ల నక్క కథ చెప్పిన తీరు నచ్చింది, వెనక బల్ల మీద కూర్చోనిచ్చిన మాస్టారు నచ్చారు. బీరువా తాళం నచ్చలేదు, ఆ సంగతి కమిటీ పుస్తకంలో రాయించాను. మా మావగారు మాట్లాడటం మానేశారు, అదొక లాభం. మీ వీధి బడి ఇంతకన్నా అధ్వానంగా ఉండొచ్చు. టీచరు రాకపోవచ్చు, వచ్చినా చెప్పకపోవచ్చు. అలాంటి బడిలో పిల్లని వేయమని నేను చెప్పను. మంచి ప్రైవేటు బళ్లూ ఉన్నాయి, ఉంటే వేయండి. కాని చూసి వేయండి.

చూడటానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఏ బడైనా సరే, చెప్పకుండా మామూలు రోజు వెళ్లండి. టీచర్లెందరు, తరగతులెన్ని అని రెండూ లెక్కపెట్టండి. పిల్లలు ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తీసుకెళ్లి ఇద్దరు ముగ్గురి చేత చదివించి, ఏమర్థమైందో చెప్పమనండి. అప్పు తెచ్చుకునే తీసివేత ఒకటి ఇవ్వండి, అదే లెక్క మాటల్లోనూ అడగండి. నోటు పుస్తకం తిరగేసి టీచరు దిద్దిన తప్పుల కోసం చూడండి. అన్నీ టిక్కులే ఉంటే ఎవరూ చదవలేదని అర్థం. కొళాయి తిప్పండి, మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయో లేదో చూడండి. లోపలికి రానివ్వని బడికి ఫీజు కూడా లోపలికి వెళ్లనివ్వకండి.

ఆఖరుగా, వీధి బడిలో మీ పిల్ల ఉన్నా లేకపోయినా దాని తలుపు మీదే. మీరు కట్టిన పన్నుతోనే అది నడుస్తోంది. కమిటీలో ఉన్న తల్లితో మాట్లాడి, వచ్చే సమావేశంలో సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడిగించండి: ఈ బడిలో ఐదో తరగతి పిల్లల్లో ఎంతమందికి చదవడం, తీసివేత వచ్చు? జవాబు పేర్లతో సహా మినిట్స్ పుస్తకంలో రాయించి, మూడు నెలలకి మళ్లీ అదే ప్రశ్న అడిగించండి. రాయనన్న బడి ఫెయిలు. అడగని ఊరు దానికన్నా ముందే ఫెయిలు.